ఒక్కసారే సాగిలపడిన ముసలామె

పోయిన వారం మనం యున్‌జేని సొల్గే ఊరి ఉప్పుగట్టు మీద వదిలేశాం, గాలికి ఎగిరిపోతున్న స్క్రిప్టు కాగితాల వెనక పరిగెడుతూ. కాగితాలన్నీ దొరికాయి. ఒక్కటి మాత్రం బురదలో పడి చెడిపోయింది. అందులో ఉన్నదల్లా వాన కురుస్తుందన్న ముక్కే కాబట్టి ఎవరూ బాధపడలేదు.

ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం జరిగింది క్లుప్తంగా చెబుతాను. మో యున్‌జే సినిమా డైరెక్టరు. నలభైకి దగ్గర పడింది. తీసిన రెండు సినిమాలూ వారం తిరక్కుండానే హాళ్లలోంచి లేచిపోయాయి. మూడోదానికి డబ్బు పెట్టే మనిషి దొరకడమే ఆశ్చర్యం. దొరికింది కూడా ఒకే ఒక్క సీను వల్ల. యాభై ఏళ్ల కిందట, దేశంలో ఉత్తరానికీ దక్షిణానికీ యుద్ధం మొదలైన వేసవిలో, కమ్యూనిస్టు ఎర్రవాళ్లన్న అనుమానంతో పోలీసులు సొల్గే జనాన్ని ఉప్పు గోదాములోకి తోసి తాళం వేస్తారు. బడిపంతులు ఇన్ తెసొక్ ఆ తాళం బద్దలుకొట్టి జనాన్ని వదిలేస్తాడు. పారిపోతున్నవాళ్లలో కొందరితోపాటు తనూ గట్టు మీద తూటా తిని పడిపోతాడు. తెల్ల బట్టలు, తెల్ల ఉప్పు, మీద నెత్తురు. డబ్బు పెట్టినాయన ఈ సీను వింటూనే జేబురుమాలు తీశాడు. పోస్టరు మీదికి వాక్యం కూడా తయారైంది: “ఇందులో ప్రతి చావూ నిజం.” ఆ వాక్యం యున్‌జే రాసిందే. దాన్ని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది కూడా. పంతులి చావు రేపు పొద్దున్నే తీయాలి.

ఇవాళ మొక్కుబడి.

షూటింగు మొదలుపెట్టే ముందు పంది తలకాయకు మొక్కడం దేవుణ్ని నమ్మని సినిమావాళ్లు కూడా మానరు. గోదాము ముందు కెమెరా నిలబెట్టి, దాని ఎదురుగా బల్ల వేసి, ఉడికించిన పంది తల పెట్టారు. పక్కన ఎర్ర బీన్సు చల్లిన ఆవిరి రొట్టె, ఎండుచేప, బియ్యం కల్లు. పంది నవ్వుమొహంతో ఉండాలి. ఏడుపు మొహం పందైతే సినిమా ఆడదు. అందుకని, ఆ పెద్దమనిషి డబ్బుతో సినిమా పనులు నడిపే నిర్మాత తాక్ సంగ్‌మన్ స్వయంగా మొక్‌ఫో సంతకు వెళ్లి, అక్కడి తలకాయలన్నీ తిప్పి తిప్పి చూసి, అన్నిటికన్నా హాయిగా నవ్వుతున్నదాన్ని ఏరుకొచ్చాడు. జనం వరసగా వచ్చి పంది నోట్లో నోట్లు కుక్కారు. నోరు నిండిపోయాక లైట్ల పెద్దాయన తన నోటును చుట్టచుట్టి ముక్కులో పెట్టాడు. అందరూ నవ్వారు. చలికి నవ్వులు కూడా పొగలు కక్కుతున్నాయి.

పంది పని అయ్యాక ఊరివాళ్ల కోరిక మీద మరో రెండు చిన్న బల్లలు వేశారు. ఒకటి ఆ వేసవిలో గట్టు మీద పడిపోయిన ఊరివాళ్లందరి పేరిట. రెండోది పంతులి పేరిట. దాని మీద ఆయన పెళ్లినాటి ఫోటో పెద్దది చేసి పెట్టారు. ఆయన కొడుకు ఇన్ గ్యుహో ఇప్పుడు ఊరి పెద్ద. అన్నీ తనే దగ్గరుండి చూసుకుంటున్నాడు. తండ్రి పోయాక పుట్టినవాడు. ఊరి మధ్య తండ్రి పేరిట ఉన్న స్మారక రాయిని ఏటా తన చేత్తో కడుగుతాడు.

ఆఖర్న పంతులి భార్య మల్సున్ అవ్వను పిలిచారు. డెబ్భై దాటిన మనిషి, వంకర లేని నడుము. ముందు ఊరివాళ్ల బల్ల దగ్గర సాగిలపడింది. లేచింది, మళ్లీ పడింది. అలా నాలుగుసార్లు. ఆ తర్వాత భర్త ఫోటో ముందుకొచ్చి ఒక్కసారి సాగిలపడి, లేచి, దుమ్ము దులుపుకుని పక్కకొచ్చేసింది.

“అమ్మా, ఇంకా ఉంది కదా!” అన్నాడు గ్యుహో నెమ్మదిగా.

“మోకాళ్లు నొప్పిరా. మీ నాన్న ఏమీ అనుకోడులే.”

ఎవరూ పట్టించుకోలేదు. అందరి కళ్లూ పంది మాంసం కోస్తున్న కత్తి మీదున్నాయి. అవ్వ తాక్ దగ్గరికొచ్చి ఆయన మొహంలోకి తేరిపార చూసింది.

“నువ్వా బక్కోడివే కదూ? బక్కెట్లో ఎర్ర రంగు మోసుకు తిరిగినవాడివి?”

తాక్ నీళ్లు నమిలాడు. “ఎవరనుకుంటున్నారో అవ్వా...”

“ఎవరో ఏమిటి, నువ్వే. మా కల్లు కుండ తన్నేశావు. పొట్ట వచ్చిందిగానీ చెవులు అవే.” అవ్వ యున్‌జే వైపు తిరిగింది. “మీ సినిమావాళ్లు మా ఆయన్ని ఇప్పటికే ఓసారి చంపారమ్మా. ఆ సినిమాలో పైనుంచి, ఉత్తరం నుంచి వచ్చిన ఎర్రసైనికులు చంపారు. ఈసారి పోలీసులట. టోపీలు మారాయి, అంతే. పడిపోయే చోటు కూడా అదే గట్టు.”

అవ్వ వెళ్లిపోయింది. యున్‌జే తాక్‌ని నిలదీసింది.

“మీరిక్కడ సినిమా తీశారా? నాకు చెప్పనే లేదు.”

“తీసింది నేనా? నేను రంగు కలిపేవాణ్ని.” తాక్ బుర్ర గోక్కున్నాడు. “ఆ రోజుల్లో ప్రతి కంపెనీ ఏడాదికి కొన్ని ఎర్రవాళ్లని తిట్టే సినిమాలు తీయాల్సిందే. తీస్తేనే ప్రభుత్వంవాళ్లు విదేశీ సినిమాలు తెచ్చుకోనిచ్చేవారు. బడిపిల్లల్ని వరసగా తోలుకొచ్చి చూపించేవారు. నువ్వూ చూసే ఉంటావు, ఏడ్చే ఉంటావు.”

యున్‌జే చూసింది. ఏడ్చింది కూడా. మూడో తరగతిలో, తెర మీద పంతులు పడిపోతుంటే. అది ఈ పంతులేనని ఇప్పుడు తెలిసింది.

“కథ ఒక్కటే మో డైరెక్టర్,” అన్నాడు తాక్ నోట్లో మాంసం ముక్క వేసుకుంటూ. “మన దేశం కథ ఎవరు ఎలా తీసినా ఆఖర్న ఒక మంచివాడు చావాలి. ఎవరి చేతిలో చావాలన్నది ఆ రోజు ప్రభుత్వాన్ని బట్టి ఉంటుంది. జనానికి ఏడవడం కావాలి. ఏడిపిద్దాం. నువ్వు ఎక్కువ ఆలోచించకు.”

యున్‌జే ఆలోచిస్తున్నది తాక్ గురించి కాదు. ఒక్క సాగిలపాటు గురించి. పోయినవాళ్లకు మగవాళ్లు రెండుసార్లు మొక్కుతారు, పాత పద్ధతి తప్పని ఆడవాళ్లు నాలుగుసార్లు. బతికున్న పెద్దలకైతే ఎవరైనా ఒక్కసారే. పండగనాడు తాతలకు మొక్కి చిల్లర పుచ్చుకున్న ప్రతి పిల్లకూ తెలిసిన సంగతే ఇది. ఊరివాళ్ల బల్ల దగ్గర లేని మోకాళ్ల నొప్పి రెండడుగులు నడిచేసరికి ఎలా వచ్చింది?

మొక్కుబడి తిండి ఊరందరికీ పంచాలి. అది సాకుగా పెట్టుకుని, మాంసమూ రొట్టే ఉన్న పళ్లెం పట్టుకుని, మధ్యాహ్నం అవ్వ ఇంటికి వెళ్లింది యున్‌జే.

కింద పొయ్యి వేడికి గది నేల వెచ్చగా ఉంది. అవ్వ పళ్లెం అందుకుని, గిన్నెలో ఉప్పు రొయ్యలు తెచ్చుకుని, మాంసం ముంచుకు తినసాగింది. తెచ్చినావిడకు పెట్టాలన్న మర్యాద తర్వాత గుర్తొచ్చి ఒక ముక్క యున్‌జే చేతిలో పెట్టింది.

“చెవి దగ్గరిది. అదే రుచి. తిను.”

“మోకాళ్లు ఎలా ఉన్నాయవ్వా?”

“వాటికేం, రాళ్లలా ఉన్నాయి. నిన్న కూడా బురదలో దిగి ఆక్టోపస్‌లు పట్టుకొచ్చా.” అనేసి, నమలడం ఆపింది. యున్‌జే వైపు చూసింది. “ఓహో. నువ్వు లెక్కపెట్టావన్నమాట.”

“జనం చేతులూ కాళ్లూ ఏం చేస్తున్నాయో చూడటమే నా పని అవ్వా.”

“మంచి పనే. జీతమిస్తారా దానికి?”

“అవ్వా, నేనొకటి అడుగుతాను. కోప్పడకండి. ఆయన చనిపోయారా?”

అవ్వ వేళ్లకంటిన ఉప్పునీళ్లు పావడాకు తుడుచుకుంది. బయట గ్యుహో పెంచే కుక్క ఎవర్నో చూసి మొరిగి ఊరుకుంది.

“యాభై ఏళ్లుగా ఎంతమంది వచ్చారో ఈ ఇంటికి! పేపర్లవాళ్లు, ప్రొఫెసర్లు, మీ సినిమావాళ్లు. అందరూ ఎలా చచ్చిపోయాడనే అడిగారు. చచ్చిపోయాడా అని అడిగింది నువ్వొక్కదానివే.” అవ్వ పళ్లెం పక్కకు జరిపింది. “తాళం బద్దలుకొట్టింది నిజం. వెనకనుంచి కాల్చారు, అదీ నిజం. గట్టు మీద పడ్డవాళ్లలో ఆయన లేడు. ఒక్కొక్క శవాన్నీ తిప్పి చూశాను నేను. ఇక్కడిదాకా వచ్చిన ఎర్రసైన్యం ఆకులు రాలే రోజుల్లో వెనక్కి పోతుంటే, వాళ్లతో పైకి, ఉత్తరానికి నడిచిపోతున్నాడని ఒకామె చూసొచ్చి చెప్పింది. అప్పుడు నా కడుపులో ఈ గ్యుహో.”

“మరి సమాధి?”

“ఆయన చొక్కా ఉంది అందులో. మంచి చొక్కా. అప్పుడప్పుడూ అనవసరంగా పూడ్చానే అనుకుంటాను.”

ఈ చోట యున్‌జేకి ముసలామె మీద జాలి కలిగిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. కలగలేదు. ఆమెకు ముందు గుర్తొచ్చింది రేపటి సీను, ఆ తర్వాత పోస్టరు మీది వాక్యం, ఆ తర్వాత జేబురుమాలు పెద్దమనిషి. ప్రతి చావూ నిజం. అన్నిటికన్నా పెద్ద చావే ఉత్తిది.

“ఎందుకు చెప్పారవ్వా పోయాడని?”

“పైకి వెళ్లినవాడి కొడుకంటే ఆ రోజుల్లో ఎలా ఉండేదో నీకేం తెలుసు? పక్కింటి ఫిల్జూ వాళ్ల చిన్నాన్న వెళ్లాడు. తండ్రి కూడా కాదు, చిన్నాన్న! ఫిల్జూ ఏ పరీక్ష రాసినా పాసయ్యేవాడు, ఏ ఉద్యోగమూ వచ్చేది కాదు. ఓడ ఎక్కనివ్వలేదు, సైన్యంలో పెద్ద హోదా ఇవ్వలేదు. చివరికి తాగి తాగి పోయాడు. నా కొడుక్కి ఆ గతి పట్టనిస్తానా? అందుకని చంపేశాను. ఎర్రవాళ్లు చంపారన్నాను. అప్పుడు అదే చెల్లేది. అప్పటి ప్రభుత్వంవాళ్లు సంబరంగా రాయి పాతారు. మొన్న మొన్న కొత్త ప్రభుత్వంవాళ్లొచ్చి, పోలీసులే కదా చంపింది అని వాళ్లే అడిగి, వాళ్లే రాసుకుని, రాయి మీద అక్షరాలు మార్చి చెక్కించారు. ఔననలేదు, కాదనలేదు నేను. ఏ రాయైతేనేం, వాడు తలెత్తుకు తిరిగితే చాలు.”

“అయితే ఇన్నేళ్లూ ఆయనకి నాలుగుసార్లే మొక్కారా?”

“మొక్కాను. ఉన్నాడో పోయాడో తెలియక మొక్కాను. ఈ చలికాలం దాకా. బతికున్న మొగుడికి పోయినవాళ్ల మొక్కు మొక్కితే, పొమ్మని పంపించినట్టే కదుటమ్మా? తెలిశాక ఎలా మొక్కను?”

“ఎలా తెలిసింది?”

అవ్వ గది మూలనున్న టెలిఫోను వైపు గడ్డం ఎత్తి చూపించింది.

“రెడ్‌క్రాస్‌వాళ్లు చేశారు. విడిపోయిన కుటుంబాల్ని కలపడానికి పైనుంచి కొందరిని తీసుకొస్తున్నారట, వాళ్లలో ఒక ముసలాయన మమ్మల్ని వెతుకుతున్నాడట. ఇన్ తెసొక్, ఊరు సొల్గే, భార్య మల్సున్. కడుపుతో ఉండగా వదిలొచ్చానని చెప్పాడట. పుట్టింది ఆడో మగో కూడా తెలీదట ఆ మనిషికి.” అవ్వ నవ్వబోయింది, కుదరలేదు. “మా ఆయన చచ్చిపోయాడు, ఊరి మధ్య రాయుంది, వచ్చి చదువుకోండి అన్నాను. మళ్లీ చేశారు, మళ్లీ అదే అన్నాను. ఇవాళ ఆఖరుసారి చేస్తారట. కాదంటే ఆయన పేరు కొట్టేసి ఇంకొకరిని తీసుకొస్తారు. ఆయన వయసుకి మరోసారంటూ ఉంటుందా?”

యున్‌జే లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. దూరంగా గట్టు మీద కుర్రాళ్లు రేపటి కోసం ఉప్పు బస్తాలు దించుతున్నారు. శీతాకాలం మడుల్లో ఉప్పు పండదు కాబట్టి కొనుక్కొచ్చిన ఉప్పు. ఈ సినిమా ఆగితే తనకు నాలుగోదంటూ ఉండదని ఆమెకు తెలుసు.

“ఇంతకాలం చెప్పిందే ఇవాళ కూడా చెప్పండవ్వా,” అంది వెనక్కి తిరక్కుండా. “గ్యుహోగారు ఈ వయసులో తట్టుకోలేరు. ఊళ్లో ఆయన పరువు... ఎందుకిప్పుడు ఇదంతా కదపడం?”

“ఆ మాట మా వాడి కోసం అంటున్నావా, నీ కోసం అంటున్నావా?”

యున్‌జేకి సిగ్గేసింది. సిగ్గేసినా మాట వెనక్కి తీసుకోలేదు.

గుమ్మం ముందు చెప్పులు విడిచిన చప్పుడైంది. తలుపు తోసుకుని గ్యుహో లోపలికొచ్చాడు. యున్‌జే ఒక్క క్షణం మనిషిని గుర్తు పట్టలేదు. ఒంటి మీద ముతక జనపనార అంగీ, నడుముకు గడ్డి తాడు, తల మీద జనపనార టోపీ, చేతిలో వెదురు కర్ర. తండ్రి పోయిన కొడుకు వేసుకునే బట్టలు. రేపు చావు సీను అయ్యాక ఊరేగింపు తీస్తారు. పాడె వెనక నడిచే వేషం తనకే ఇవ్వాలని ఆయన పోయిన నెలలోనే యున్‌జేని బతిమాలి ఒప్పించుకున్నాడు.

“డైరెక్టర్ గారూ ఇక్కడే ఉన్నారా, మంచిదైంది.” మొహమంతా వెలిగిపోతోంది. “బట్టల అమ్మాయి ఇప్పుడే ఇచ్చింది. భుజాల దగ్గర కాస్త బిగుతు. అమ్మా, ఎలా ఉన్నాను?”

అవ్వ కొడుకుని టోపీ నుంచి గడ్డి తాడు దాకా చూసింది.

“నవ్వకూడదని తెలుసులెండి,” అన్నాడు గ్యుహో యున్‌జేతో, నవ్వు ఆపుకుంటూ. “ఏం చేయను, ఆగట్లేదు. మా ఈడువాళ్లందరూ తండ్రులు పోయినప్పుడు ఈ బట్ట కట్టుకున్నారు. ఏడుస్తూ కట్టుకున్నారు. నాకు వాళ్లని చూస్తే కుళ్లుగా ఉండేది. నేను పుట్టేసరికి మా నాన్న కోసం ఏడవాల్సినవాళ్లంతా ఏడ్చేశారు. నా వంతు మిగిలిపోయింది. రేపు తీర్చుకుంటాను. వారం నుంచి సాధన చేస్తున్నా, వింటారా?”

వినమని ఎవరూ అనలేదు. అయినా ఆయన వెదురు కర్ర మీదికి వంగి, కళ్లు మూసుకుని, “అయ్‌గో... అయ్‌గో...” అని శోకాలు మొదలుపెట్టాడు. నటన అనుకుని మొదలుపెట్టినవాడు రెండో అయ్‌గోకే నిజంగా ఏడ్చేస్తున్నాడు. యాభై ఏళ్ల మనిషి, ఊరి తగవులు తీర్చే మనిషి, ముక్కు చీదుకుంటూ.

ఫోను మోగింది.

గ్యుహో కళ్లు తుడుచుకుని అటు అడుగేశాడు. యున్‌జే ఆయనకంటే దగ్గరగా ఉంది. ఏం చేస్తోందో తనకే తెలియకముందే ఆమె చెయ్యి రిసీవరు మీద పడింది. ఎత్తి, తప్పు నంబరని చెప్పి పెట్టేయవచ్చు. ఒక్క మాట. రేపు ఉప్పు మీద పంతులు పడిపోతాడు, కొడుకు తనివితీరా ఏడుస్తాడు, వసంతంలో హాళ్లు నిండుతాయి. ఫోను ఆమె అరచేతి కింద అదురుతూనే ఉంది.

“చెయ్యి తియ్యమ్మా,” అంది మల్సున్ అవ్వ. గట్టిగా కూడా అనలేదు. “వాణ్ని ఎత్తనియ్యి.”

యున్‌జే అవ్వ వైపు చూసింది. అవ్వ ఆమె వైపు చూడటం లేదు. కొడుకు తల మీది జనపనార టోపీని చూస్తోంది.

యున్‌జే చెయ్యి తీసింది.

“ఏమిటి మీ ఇద్దరి గొడవ?” అంటూ గ్యుహో కర్ర చంకలో ఇరికించుకుని రిసీవరు ఎత్తాడు. “హలో... ఔనండీ, సొల్గేనే. మల్సున్ గారు మా అమ్మే. నేనా? ఇన్ తెసొక్ గారి అబ్బాయిని.”

అవతలి గొంతు ఏదో చెప్పసాగింది. గ్యుహో ముందు మర్యాదగా తల ఊపాడు. తర్వాత ఊపడం మానేశాడు. చంకలోని వెదురు కర్ర జారి నేల మీద పడి దొర్లుకుంటూ పోయింది, ఆయన చూడలేదు. తల్లి వైపు తిరిగాడు. చేయి మెల్లిగా పైకెళ్లి తల మీది టోపీని పట్టుకుంది.

“కాస్త మళ్లీ చెప్పండి,” అన్నాడు ఫోనులోకి. “ఎవరు బతికున్నారన్నారు?”